టెక్స్ట్ ఫైలు మొదటి భాగాన్ని కమాండ్ లైన్‌లో తొలగించడం: సమగ్ర మార్గదర్శి

మరో ప్రోగ్రాము తయారుచేసి ఇచ్చిన టెక్స్ట్ ఫైలులో మనకు కావలసిన సమాచారం మొదటి లైను నుంచే మొదలుకావడం అరుదు. నివేదిక పేరు, తయారైన తేదీ, కాలమ్ శీర్షికలు, రెండు ఖాళీ లైన్లు గడిచిన తరువాతనే అసలు డేటా కనిపిస్తుంది. డేటాబేస్ డంప్‌ల (డేటాబేస్‌లోని సమాచారాన్ని టెక్స్ట్‌గా రాసిన ఫైళ్ల) విషయంలోనూ ఇటువంటిదే ఎదురవుతుంది: మేరియా డీబీ అనే డేటాబేస్ ప్రోగ్రాము 2024 మే విడుదలల నుంచి డంప్ ఫైలు మొట్టమొదటి లైనులో శాండ్‌బాక్స్ మోడ్‌ను సూచించే ఒక వ్యాఖ్య చేరింది. డంప్‌ను దిగుమతి చేసుకునే పాత క్లయింట్ ప్రోగ్రాములకు అది అర్థం కాక అవి మొదటి లైను దగ్గరే దిగుమతిని ఆపేస్తాయి కాబట్టి, ఆ ఒక్క లైనును తీసివేయవలసిన అవసరం చాలామందికి కలిగింది. ఫైలు చిన్నదైతే ఎడిటర్‌లో తెరిచి చెరిపివేయవచ్చు. అది అనేక గిగాబైట్లు ఉన్నప్పుడు, లేదా ఇదే పని రోజూ వందల ఫైళ్ల మీద జరగవలసినప్పుడు, కమాండ్ లైన్ తప్ప వేరే దారి లేదు.

ఆదేశాల రాతను గురించి ఒక మాట. ఈ వ్యాసంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను. అంకెలు, గుర్తులు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే వాడాలి. ‘పాత’, ‘కొత్త’ అన్నవి ఫైళ్ల పేర్లు. నేటి లినక్స్, మ్యాక్ వ్యవస్థలు తెలుగు పేర్లను అంగీకరిస్తాయి కనుక వాటిని తెలుగులోనే ఉంచినా పని జరుగుతుంది.

ఫైలు తలను కోయడం ఎందుకు సులభం కాదు

ఫైలు చివరి భాగాన్ని తీసివేయడం ఆపరేటింగ్ సిస్టమ్‌కు చాలా తేలిక. ‘ఈ ఫైలు పొడవు ఇక ఇంతే’ అని నమోదు చేస్తే చాలు, మిగిలిన స్థలం విడుదలవుతుంది. ట్రంకేట్ అనే ఆదేశం చేసేది అదే. మొదటి భాగానికి అటువంటి సదుపాయం సాధారణంగా లేదు, ఎందుకంటే ఫైలులోని ప్రతి బైటు స్థానాన్నీ మొదటి నుంచే లెక్కిస్తారు. పైన పది లైన్లు పోవాలంటే కింద ఉన్నదంతా ముందుకు జరగాలి, అంటే మిగిలిన మొత్తాన్నీ మళ్లీ రాయాలి. కింద వచ్చే టెయిల్, సెడ్, ఆక్ అనే ఆదేశాలు మూడూ లోలోపల ఈ పనే చేస్తాయి. అందుకే ఏ ఆదేశాన్ని ఎంచుకున్నామన్న దానికంటే, దాని ఫలితం ఎక్కడికి వెళుతోంది, అది పూర్తయ్యే వరకు అసలు ఫైలు క్షేమంగా ఉందా అన్నదే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం.

మొదటి అడుగు: ఏం తీసివేయాలో చూసుకోవడం

తొలగించవలసిన లైన్లను అంచనాతో లెక్కపెట్టకూడదు. మొదటి పదిహేను లైన్లను వాటి సంఖ్యలతో సహా తెర మీదికి తెచ్చుకోవాలి.

హెడ్ -ఎన్ 15 పాత | క్యాట్ -ఎన్

ఇందులో హెడ్ ఫైలు మొదటి లైన్లను ఇస్తుంది, పైపు అనే | గుర్తు ఆ ఫలితాన్ని తరువాతి ఆదేశానికి అందిస్తుంది, క్యాట్ వాటికి సంఖ్యలు వేస్తుంది. లైన్ల సంఖ్య వేయడానికి ఎన్‌ఎల్ అనే ఆదేశం కూడా ఉంది; అయితే అది ఖాళీ లైన్లకు అప్రమేయంగా సంఖ్య ఇవ్వదు కాబట్టి ఈ పనికి దానిని వాడితే లెక్క తప్పుతుంది. క్యాట్ ఇచ్చే సంఖ్యలలో ఖాళీ లైన్లు కూడా చేరతాయి.

కంటికి కనిపించని అక్షరాలను చూడటానికి లినక్స్‌లో క్యాట్‌కు హైఫన్ తరువాత పెద్ద ‘ఏ’ అక్షరం ఇవ్వాలి, మ్యాక్‌లో అదే హైఫన్ తరువాత వీ, ఈ, టీ అనే మూడు చిన్న అక్షరాలు ఇవ్వాలి. అప్పుడు ప్రతి లైను చివర డాలరు గుర్తు కనిపిస్తుంది. దానికి ముందు ^ గుర్తు, పెద్ద ‘ఎం’ అక్షరం కలిసి కనిపిస్తే ఆ ఫైలులో విండోస్ తరహా లైను ముగింపులు ఉన్నాయని అర్థం. ఈ విషయం నమూనాతో కోసే దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

రెండవ అడుగు: టెయిల్‌తో లైన్లను వదిలివేయడం

టెయిల్‌ను సాధారణంగా చివరి లైన్లు చూడటానికి వాడతారు. సంఖ్యకు ముందు ప్లస్ గుర్తు చేరితే దాని అర్థం పూర్తిగా మారిపోతుంది: ‘చివరి ఇన్ని లైన్లు’ అనే బదులు ‘ఇన్నవ లైను నుంచి చివరిదాకా’ అవుతుంది.

టెయిల్ -ఎన్ +11 పాత > కొత్త

ఈ ఆదేశం మొదటి పది లైన్లను వదిలి పదకొండవ లైను నుంచి మొత్తాన్నీ ‘కొత్త’ అనే ఫైలులో రాస్తుంది. ఇక్కడ జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ సంఖ్య దగ్గరే జరుగుతాయి. పది లైన్లు పోవాలని +10 అని రాస్తే తొమ్మిదే పోతాయి; +11లో ప్లస్ గుర్తును మరచిపోతే చివరి పదకొండు లైన్లు మాత్రమే మిగులుతాయి. ఇచ్చే సంఖ్య తొలగించే లైన్ల లెక్క కాదని, మిగిలే మొదటి లైను సంఖ్య అని గుర్తుంచుకుంటే గందరగోళం ఉండదు. ఒక్క శీర్షిక లైను పోవాలంటే +2 అని రాయాలి.

పాత స్క్రిప్టులలో ఎన్ లేకుండా నేరుగా ‘టెయిల్ +2’ అని రాసిన రూపం కనిపిస్తుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం రాసిన 2001 నాటి పోసిక్స్ ప్రమాణంలో ఆ రూపం లేదు; కొన్ని వ్యవస్థలలో అది ‘+2’ అనే పేరుగల ఫైలు కోసం వెతుకుతుంది. కొత్తగా రాసే చోట -ఎన్ తప్పకుండా ఉండాలి.

మూడవ అడుగు: ఫలితాన్ని అసలు ఫైలు స్థానంలో పెట్టడం

ఈ మొత్తం పనిలో డేటా పోగొట్టుకునే చోటు ఇదే. టెయిల్ ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్లిస్తే, అంటే > గుర్తు తరువాత కూడా ‘పాత’ అనే రాస్తే, పది లైన్లు కాదు, ఫైలు మొత్తం ఖాళీ అవుతుంది. > గుర్తు టెయిల్‌కు సంబంధించినది కాదు, మన ఆదేశాలను చదివి నడిపించే షెల్‌కు సంబంధించినది. టెయిల్‌ను ప్రారంభించడానికి ముందే షెల్ ఆ ఫైలును తెరిచి దాని పొడవును సున్నా చేస్తుంది. ఆ తరువాత టెయిల్ చదవడానికి అందులో ఏమీ మిగలదు. ఈ సంగతి తెలియని తొలి రోజుల్లో నేను ఒక రోజంతా సేకరించిన కొలతల ఫైలును ఇలాగే పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఈ కింది క్రమాన్ని తప్పలేదు.

టెయిల్ -ఎన్ +11 పాత > కొత్త && ఎంవీ కొత్త పాత

మధ్యలో ఉన్న రెండు & గుర్తులకు, మొదటి ఆదేశం విజయవంతమైతేనే రెండవది నడవాలని అర్థం. డిస్కు నిండిపోయి టెయిల్ మధ్యలోనే ఆగిపోతే ఎంవీ నడవదు, అసలు ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది. వాటికి బదులు సెమీకోలన్ పెడితే, సగం రాసిన ఫైలు అసలుదాని మీదికి వెళ్లి కూర్చుంటుంది. తాత్కాలిక ఫైలు కూడా అదే ఫోల్డరులో ఉండటం మంచిది. ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఎంవీ అంటే పేరు మార్చడం మాత్రమే. అది ఒక్క క్షణంలో, మధ్యస్థితి అనేది లేకుండా జరిగిపోతుంది. మరో డిస్కు నుంచి తెస్తే అది నకలు చేయడంగా మారి, మధ్యలో ఆగిపోయే అవకాశం ఏర్పడుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పేరు అదే అయినా మిగిలేది కొత్త ఫైలు కాబట్టి, పాత ఫైలు యజమాని, అనుమతులు, దానికున్న హార్డ్ లింకులు (అదే ఫైలుకు ఉన్న ఇతర పేర్లు) ఈ కొత్త ఫైలుకు రావు. అవి ముఖ్యమైన చోట ఎంవీ బదులు

క్యాట్ కొత్త > పాత

అని రాయాలి. ఇది పాత ఫైలును అలాగే ఉంచి లోపలి విషయాన్ని మాత్రమే మారుస్తుంది, కాబట్టి అనుమతులు, లింకులు నిలుస్తాయి. ఇది నడుస్తుండగా యంత్రం ఆగిపోతే ఫైలు సగమే ఉంటుంది కనుక, పని పూర్తయిందని చూసుకున్నాకే ‘కొత్త’ను చెరిపివేయాలి. మోర్‌యుటిల్స్ ప్యాకేజీలోని స్పంజ్ అనే ఆదేశం, వచ్చే సమాచారమంతా అందిన తరువాతనే ఫైలును తెరిచి రాస్తుంది. పైపు చివర దానిని పెట్టి అదే ఫైలు పేరు ఇవ్వవచ్చు.

సెడ్‌తో కోయడం

సెడ్‌లో మనం మిగిలే లైను సంఖ్య కాకుండా, పోవలసిన లైన్ల పరిధిని చెబుతాము. ‘ఒకటి నుంచి పది వరకు తొలగించు’ అన్నది ఇలా ఉంటుంది.

సెడ్ '1,10డి' పాత > కొత్త

ఫైలును అక్కడికక్కడే మార్చడానికి సెడ్‌కు -ఐ అనే ఎంపిక ఉంది. లినక్స్‌లోని జీఎన్‌యూ సెడ్‌కు -ఐ ఒక్కటే సరిపోతుంది. మ్యాక్‌లోని సెడ్ మాత్రం -ఐ తరువాత బ్యాకప్ పేరు చివర చేర్చే గుర్తును తప్పనిసరిగా అడుగుతుంది, అది ఇవ్వకపోతే మన ఆదేశాన్నే ఆ గుర్తుగా భావించి తికమకపడుతుంది. రెండు చోట్లా ఒకేలా పనిచేసే రూపం ఇది.

సెడ్ -ఐ.ప్రతి '1,10డి' పాత

ఇది ‘పాత.ప్రతి’ అనే పేరుతో మార్పుకు ముందున్న ఫైలును భద్రపరచి, ఆ తరువాత ‘పాత’ను మారుస్తుంది. నిజానికి ‘అక్కడికక్కడే’ అన్న మాట పూర్తిగా సరైనది కాదు: సెడ్ కూడా తాత్కాలిక ఫైలులో రాసి పేరు మారుస్తుంది. ఆ ఫైలు ఒక సింబాలిక్ లింక్ (మరో ఫైలును సూచించే పేరు) అయితే జీఎన్‌యూ సెడ్ లింకును తీసేసి దాని స్థానంలో మామూలు ఫైలును పెడుతుంది. ఈ ఆదేశాన్ని రెండుసార్లు నడిపితే ఇరవై లైన్లు పోతాయన్నది కూడా మరువరాదు. పైగా రెండవసారి నడిపినప్పుడు ‘పాత.ప్రతి’ కూడా చెరిగిపోయి, మొదటి పది లైన్లు ఇక ఎక్కడా మిగలవు.

లైన్ల సంఖ్య తెలియనప్పుడు

సెడ్ అసలైన విలువ ఇక్కడే తెలుస్తుంది. శీర్షిక భాగం ఒక రోజు ఎనిమిది లైన్లు, మరో రోజు పన్నెండు లైన్లు ఉంటే సంఖ్యతో కోయడం ప్రమాదకరం. అసలు డేటా ‘వివరాలు’ అనే మాటతో ప్రారంభమయ్యే లైను నుంచి మొదలవుతుందనుకుందాం.

సెడ్ -ఎన్ '/^వివరాలు/,$పి' పాత > కొత్త

ఇక్కడ ^ అంటే లైను ఆరంభం, $ అంటే చివరి లైను, పి అంటే ముద్రించు. ఆ లైనుతో సహా చివరి వరకు ఉన్నదంతా వస్తుంది. ఆ లైను కూడా పోవాలంటే ఇలా రాయాలి.

సెడ్ '1,/^వివరాలు/డి' పాత > కొత్త

చూడటానికి ఈ రెండూ కవలల్లా ఉన్నా, నమూనా దొరకనప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించాలి. మొదటిది ఏమీ ముద్రించదు. రెండవది పరిధి ముగింపు దొరకక చివరి లైను వరకు అన్నింటినీ తొలగిస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఖాళీ ఫైలే మిగులుతుంది, అయినా సెడ్ దానిని లోపంగా పరిగణించదు. విజయవంతంగా ముగిసిందనే చెబుతుంది. అందువల్ల మూడవ అడుగులోని రెండు & గుర్తుల రక్షణ ఇక్కడ చాలదు. ముందుగా ఫైలులో వెతికే గ్రెప్ అనే ఆదేశంతో ఆ నమూనా ఉన్నదో లేదో పరీక్షించడం అవసరం.

గ్రెప్ -క్యూ '^వివరాలు' పాత && సెడ్ '1,/^వివరాలు/డి' పాత > కొత్త

రెండవ రూపంలో మరో సూక్ష్మం ఉంది. పరిధి 1తో మొదలైనప్పుడు సెడ్ ముగింపు నమూనాను రెండవ లైను నుంచే వెతుకుతుంది. ‘వివరాలు’ మొదటి లైనులోనే ఉంటే దానిని గుర్తించక ముందుకు సాగిపోతుంది. జీఎన్‌యూ సెడ్‌లో 1కి బదులు 0 రాస్తే మొదటి లైను కూడా పరీక్షకు వస్తుంది.

ఈమెయిల్ ఫైళ్లలో హెడర్లకూ సందేశానికీ మధ్య ఒక ఖాళీ లైను ఉంటుంది. ఆ ఖాళీ లైను వరకు తొలగించడానికి

సెడ్ '1,/^$/డి' సందేశం

అని రాస్తారు. ఫైలులో విండోస్ తరహా లైను ముగింపులు ఉంటే, ఖాళీగా కనిపించే లైనులో క్యారేజ్ రిటర్న్ అనే ఒక బైటు దాగి ఉంటుంది కనుక ఈ నమూనా దానికి సరిపోలదు, సందేశమంతా పోతుంది. ముందుగా డాస్‌2యూనిక్స్ అనే ఆదేశంతో ముగింపులను సరిచేసుకోవాలి. ఇక ఫైలు ఆరంభంలో ఉన్న ఖాళీ లైన్లు మాత్రమే పోయి, మధ్యలోనివి నిలవాలంటే ఈ చిన్న రూపం చాలు.

సెడ్ '/./,$!డి' పాత > కొత్త

ఒక్క అక్షరమైనా ఉన్న మొదటి లైను నుంచి చివరి వరకు ఉన్న పరిధిని వదిలి మిగిలినది తొలగించమని దీని భావం. స్పేసులు మాత్రమే ఉన్న లైనును ఇది ఖాళీగా లెక్కించదు.

అనేక ఫైళ్లను కలిపేటప్పుడు: ఆక్

1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ రూపొందించిన ఆక్ పేరు ఆ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఏర్పడింది. టైపు చేయవలసినవి ఏ, డబ్ల్యూ, కె అనే మూడు అక్షరాలు. ఒకే ఫైలు కోసమైతే టెయిల్ చాలు. ఒకే రకమైన శీర్షిక ఉన్న పన్నెండు ఫైళ్లను ఒక్కటిగా కలపవలసి వచ్చినప్పుడు మాత్రం ఆక్‌కు సాటి లేదు. అందులో ఎన్‌ఆర్ అనేది అన్ని ఫైళ్లలోనూ కలిపి ఇప్పటిదాకా చదివిన లైన్ల లెక్క. ఎఫ్ఎన్‌ఆర్ అనేది ప్రస్తుత ఫైలులోని లెక్క. ఈ రెండు పేర్లనూ పెద్ద అక్షరాలతో రాయాలి.

ఆక్ 'ఎఫ్ఎన్‌ఆర్ > 1' ఫైలు1 ఫైలు2 ఫైలు3 > మొత్తం

ఇది ప్రతి ఫైలు మొదటి లైనునూ వదిలివేస్తుంది. శీర్షిక ఒక్కసారి మాత్రం పైన ఉండాలనుకుంటే షరతును కొద్దిగా మారుస్తాము.

ఆక్ 'ఎన్‌ఆర్ == 1 || ఎఫ్ఎన్‌ఆర్ > 1' ఫైలు1 ఫైలు2 ఫైలు3 > మొత్తం

ఈ పనికి సెడ్‌ను వాడితే అది అన్ని ఫైళ్లనూ ఒకే ప్రవాహంగా చూసి మొదటి ఫైలు శీర్షికను మాత్రమే తీసివేస్తుంది. టెయిల్ అయితే ఫైళ్ల మధ్య వాటి పేర్లను బాణం గుర్తులతో ముద్రిస్తుంది. దానికి -క్యూ ఇస్తే ఆ పేర్లు రావు.

బైట్ల లెక్కన కోయడం, తెలుగు అక్షరాల సంగతి

టెయిల్‌కు -ఎన్ బదులు -సి ఇస్తే లైన్లను కాక బైట్లను లెక్కిస్తుంది. దీని ముఖ్యమైన ఉపయోగం, కొన్ని విండోస్ ప్రోగ్రాములు యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా భద్రపరిచే ఒక పద్ధతి) ఫైలు ఆరంభంలో పెట్టే మూడు బైట్ల గుర్తును, అంటే బీఓఎం‌ను తొలగించడం.

టెయిల్ -సి +4 పాత > కొత్త

అయితే ముందుగా ఆ గుర్తు ఉన్నదని నిర్ధారించుకోవాలి.

హెడ్ -సి 3 పాత | ఓడీ -టి ఎక్స్1

ఓడీ ఆదేశం బైట్ల విలువలను చూపుతుంది. తెర మీద ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు జంటలు వస్తే గుర్తు ఉన్నట్టు. ఈ పరీక్ష మనకు మరింత అవసరం, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తైనా సరిగ్గా మూడు బైట్లే ఆక్రమిస్తుంది. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 18 బైట్లు ఉంటాయి. బీఓఎం లేని ఫైలు ‘తెలుగు’ అని మొదలైతే, పై ఆదేశం ‘త’ను మాత్రం తినేసి దాని ఎత్వాన్ని ఆధారం లేకుండా ఫైలు తలమీద వదిలేస్తుంది. మిగిలినది చెల్లుబాటయ్యే యూటీఎఫ్-8గానే ఉంటుంది కాబట్టి ఏ ప్రోగ్రామూ హెచ్చరించదు. మూడుతో భాగించబడని సంఖ్యలో కోస్తే అక్షరం మధ్యలోనే తెగి, ప్రశ్నార్థకపు గుర్తులు కనిపిస్తాయి.

యూటీఎఫ్-16లో ఉన్న ఫైలు మీద ఈ ఆదేశాలలో దేనినీ నేరుగా నడపకూడదు. వీటి దృష్టిలో లైను ముగింపు అంటే 10 విలువగల ఒక బైటు. యూటీఎఫ్-16లో ప్రతి తెలుగు అక్షరమూ రెండు బైట్లే. ‘ఊ’ అక్షరపు సంకేతంలో ఒక బైటు విలువ సరిగ్గా ఆ 10 కావడం వల్ల, టెయిల్ ప్రతి ‘ఊ’నూ ఒక కొత్త లైనుగా లెక్కిస్తుంది. ముందుగా ఐకాన్వ్ అనే ఆదేశంతో ఫైలును యూటీఎఫ్-8కు మార్చుకుని, అప్పుడు కోయాలి.

చాలా పెద్ద ఫైళ్లు

లైన్ల లెక్కన కోసేటప్పుడు టెయిల్ మొదటి కొన్ని లైన్లను లెక్కించి, మిగిలినదంతా పెద్ద పెద్ద ముక్కలుగా నకలు చేస్తుంది. సెడ్, ఆక్ చివరి లైను వరకు ఒక్కొక్కదాన్నీ విడిగా చదువుతాయి. గిగాబైట్ల పరిమాణంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది, అందుకే సంఖ్య తెలిసిన చోట నేను టెయిల్‌నే ఎంచుకుంటాను. కుదించిన ఫైలును విప్పి డిస్కు మీద పెట్టవలసిన అవసరం కూడా లేదు.

జెడ్‌క్యాట్ పాత.జీజెడ్ | టెయిల్ -ఎన్ +2 | జీజిప్ > కొత్త.జీజెడ్

ఇందులో మొదటి ఆదేశాన్ని జెడ్, సి, ఏ, టి అక్షరాలతో టైపు చేయాలి. ఇటువంటి పైపులో షెల్ చివరి ఆదేశం ఫలితాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి, మొదటిది మధ్యలో విఫలమైనా రెండు & గుర్తులు దానిని పసిగట్టలేవు; బాష్‌లో పైప్‌ఫెయిల్ అనే అమరికను ముందుగా ఆన్ చేసుకోవాలి.

నకలుకు డిస్కులో చోటే లేనప్పుడు లినక్స్‌లో ఒక ప్రత్యేక మార్గం ఉంది. 2014లో వచ్చిన లినక్స్ 3.15 నుంచి ఎక్స్‌ట్4, ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లలో ఫైలు మధ్య నుంచిగానీ మొదటి నుంచిగానీ కొన్ని బ్లాకులను (డిస్కులోని స్థిర పరిమాణపు ముక్కలను) తీసివేసి మిగిలినదాన్ని ముందుకు జరపవచ్చు. డేటాను కదిలించరు, బ్లాకుల పట్టికను మాత్రమే మారుస్తారు కనుక ఎంత పెద్ద ఫైలైనా త్వరగా ముగుస్తుంది.

ఫాలొకేట్ -సి -ఓ 0 -ఎల్ 1073741824 పాత

ఇది మొదటి ఒక గిగాబైటును తొలగిస్తుంది. పొడవు బ్లాకు పరిమాణానికి, అంటే సాధారణంగా 4096 బైట్లకు, గుణిజం కావాలి. కాబట్టి కోత లైను సరిహద్దు దగ్గర పడదు, మొదటి లైను సగం తెగి ఉండవచ్చు. పాత లాగ్ ఫైలుకు అది ఫరవాలేదు, డేటా ఫైలుకు పనికిరాదు. దీనికి బ్యాకప్ ఉండదన్నది కూడా ఆలోచించుకోవాలి.

మరో ప్రోగ్రాము రాస్తూ ఉన్న లాగ్ ఫైలు

లాగ్ ఫైలు పై భాగాన్ని కోసి ఎంవీతో స్థానం మారిస్తే, దానిలో రాస్తున్న ప్రోగ్రాము పేరు పోయిన పాత ఫైలులోనే రాస్తూ ఉంటుంది. కొత్త ఫైలులోకి ఒక్క లైనూ రాదు. క్యాట్‌తో లోపలి విషయాన్ని మార్చితే, ఆ ప్రోగ్రాము ఫైలును చివర చేర్చే విధంగా తెరవనప్పుడు అది తన పాత స్థానం నుంచే రాయడం కొనసాగిస్తుంది, మధ్యలో సున్నా బైట్లతో నిండిన పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. పైగా కోతకూ మార్పిడికీ మధ్య వచ్చిన లైన్లు రెండు విధాలుగానూ పోతాయి. ప్రోగ్రామును ఆపి కోయడం ఒక్కటే పూర్తిగా నమ్మదగినది. అది కుదరని చోట, పాత ఫైలు పేరు మార్చి, ప్రోగ్రామును కొత్త ఫైలు తెరవమని అడిగే లాగ్‌రొటేట్ వంటి సాధనానికి ఆ బాధ్యత అప్పగించాలి.

చివరి అడుగు: సరిచూసుకోవడం

అసలు ఫైలును చెరిపివేయడానికి ముందు రెండింటి లైన్ల సంఖ్యనూ పోల్చాలి.

డబ్ల్యూసీ -ఎల్ పాత కొత్త

తేడా సరిగ్గా మనం తీసివేసిన లైన్ల సంఖ్య కావాలి. తరువాత హెడ్‌తో కొత్త ఫైలు మొదటి మూడు లైన్లను కంటితో చూడాలి. సంఖ్య సరిపోయినా తప్పు చోట కోసి ఉండే అవకాశం అప్పుడే బయటపడుతుంది. నమూనాతో కోసినప్పుడు పాత ఫైలులో ఆ నమూనా ఎన్నో లైనులో ఉన్నదో గ్రెప్‌కు -ఎన్ ఇచ్చి తెలుసుకుని ఆ సంఖ్యతో పోల్చవచ్చు. పాడైతే మళ్లీ సంపాదించలేని డేటా అయితే నేను బైటు బైటునూ పోల్చి చూస్తాను.

టెయిల్ -ఎన్ +11 పాత | సీఎంపీ - కొత్త

సీఎంపీ ఏమీ చెప్పకుండా ముగిస్తే రెండూ ఒకటే. అప్పుడు పాతదాన్ని తీసివేయవచ్చు.